రెబెక్కమ్మ ఉన్న కాల్

సాయంత్రం ఐదున్నరకు కంపెనీ బస్సు ముత్తుకూరు రోడ్డు మలుపులో ఆడవాళ్ళను దించేసి పోతుంది. రెబెక్కమ్మ దిగి, మోకాళ్ళు పట్టుకుని కాసేపు నిలబడి, పాలెం దోవ పడుతుంది. పొద్దున్నించీ ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసినందువల్ల వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉంటాయి. ఇంటికి పోగానే వేణ్ణీళ్ళు పెట్టుకుని చేతులు ముంచుకుంటుంది. అవి మళ్ళీ చేతుల్లా అయ్యేసరికి ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి ఉంటారు.

"రెబెక్కమ్మక్కా, ఒక్క నిమిషం కాల్లోకి వస్తావా? కువైట్ నించి మా ఆయన."

రెబెక్కమ్మ ఏ వీడియో కాల్లో కలిస్తే ఆ కాల్లో వాసన కూడా పోతుంది. ఇటు వాసన అటు, అటు వాసన ఇటు. పాలెంలోకి ఆ ఫోన్లు వచ్చినప్పటినుంచీ అది అంతే. కువైట్‌లో లారీ నడిపే బెన్హర్ వారానికోసారి పెళ్ళాం వండిన వంజరం పులుసు వాసన పీల్చుకుంటూ ఉత్త రొట్టె తింటాడు. "చింతపండు చాల్లేదు మే," అని అక్కణ్ణించే వంక పెడతాడు. "వాసనకే ఇన్ని వంకలు, ముద్ద నోట్లో పెడితే ఏమంటావో," అని ఆ పిల్ల ఫోను గోడవైపు తిప్పేస్తుంది. రెబెక్కమ్మ ఆ తగువు తీరేదాకా తన ఫోను ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉంటుంది.

ఆమెకు అరవై రెండు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ కంపెనీలోనే ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలని గేటు ముందు పదకొండు రోజులు కూర్చుంది. పన్నెండో రోజు కట్టించారు, తలుపు లేకుండా. తలుపు కోసం ఇంకో నాలుగు రోజులు కూర్చుంది. ఆ తర్వాత కంపెనీవాళ్ళు ఏదైనా నవ్వుతూ ఇచ్చారంటే దాన్ని నాలుగువైపులా తిప్పి చూడకుండా తీసుకోకూడదని నేర్చుకుంది. నేర్చుకున్న మనిషే ఈసారి మోసపోయింది. అదీ ఆమె కడుపుమంట.

సంగతి ఏంజెలిన్‌ది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. షెడ్డులో మూడో టేబుల్ దగ్గర పని. ఆ టేబుల్ పైన అమ్మోనియా పైపు పోతుంది. కోల్డ్ స్టోరేజీకి చలి పుట్టించేది ఆ అమ్మోనియానే. కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ పైపు జాయింటులోంచి ఆ గాలి సన్నగా కారుతుంది. కంప్రెసర్ ఆపితే ఆగుతుంది. టేబుళ్ళ దగ్గర నిలబడే ఆడవాళ్ళందరికీ ఇది తెలుసు. మేనేజరు విజయభాస్కర్‌కూ తెలుసు. నెల కిందట ఆ గాలికి ఊపిరాడక ఏంజెలిన్ తడి నేల మీద పడిపోయింది. తెలివొచ్చాక "పైపు కారుతుంది సార్" అంది. "అన్నం తినకుండా పనికొచ్చి పడిపోయినావు. కంపెనీ మీద అబద్ధం చెప్తుండావు," అని మేనేజరు గేటు బయటికి పంపించాడు.

ఆ పిల్లది రెబెక్కమ్మ పక్కిల్లే. తల్లి లేదు. తండ్రి నడుము విరిగి మంచం మీద ఉన్నాడు. పని పోవడం ఒక ఎత్తయితే, అబద్ధాలకోరు అన్న పేరు ఇంకో ఎత్తు. ఆ పేరు పడ్డ మనిషికి ఈ తీరం వెంబడి ఏ రొయ్యల షెడ్డులోనూ పని ఇవ్వరు. రెబెక్కమ్మ నెల్లూరు పోయి కార్మిక అధికారి కామాక్షయ్య గారికి అర్జీ ఇచ్చి వచ్చింది. ఆయన, విచారణ వీడియోలో పెడతాను, సాక్షులను సిద్ధం చేసుకోండి అన్నాడు.

సాక్షులను సిద్ధం చేసుకోవడానికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు మాట్లాడుకోవాలి. కొందరు పాలెంలో, మిగతావాళ్ళు తలో పల్లెలో. అందరి ఫోన్లలోనూ 'హాజరు' అనే యాప్ ఉంది. పొద్దున్నే మొహం చూపించి హాజరు వేయించుకోవడానికి కంపెనీ పెట్టించింది. అందులో నొక్కితే అందరూ కలిసి వీడియోలో మాట్లాడుకునే బొమ్మ కూడా ఒకటి ఉంది. చేతిలో ఉన్నదే కదా అని అందులోనే కలిశారు. మాటల మధ్యలో ఘుమఘుమమని ఏలకుల టీ వాసన వచ్చింది.

"ఎవరే అంత గొప్పగా టీ తాగేది? మాకూ ఒక గ్లాసు పంపించండే," అంది డెబోరా. డెబోరా పాస్టరు గారి కోడలు, రెండో టేబుల్. అందరూ నవ్వుకున్నారు. సాక్ష్యం చెప్తామని ముగ్గురు ముందుకొచ్చారు.

మర్నాడు పొద్దున ఆ ముగ్గురినీ కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసే పనికి మార్చారు. రెబెక్కమ్మ మేనేజరు గది ముందునించి పోతూ ఆగిపోయింది. లోపలినించి ఏలకుల టీ వాసన.

"కంపెనీ మీద పోట్లాటకి కంపెనీ ఇంట్లోనే కూర్చోని మాట్లాడుకున్నాం," అని ఆ సాయంత్రం నెత్తి కొట్టుకుంది. "మన ఇళ్ళలో ఏలకులేసి టీ కాచేది ఎవరే? ఒక్కదానికన్నా బుర్ర పని చేసిందా? నాకే చెయ్యలేదు, మిమ్మల్నేం అంటాను!"

ముగ్గురిలో ఇద్దరు వెనక్కి తగ్గారు. పిచ్చమ్మ ఒక్కతే మిగిలింది. ఏంజెలిన్ పడిపోయినప్పుడు పక్కనే ఉండి ఎత్తి బయటికి మోసినామె. పుట్టింది సంగం, మెట్టింది ఇక్కడ. "చలిలో పెట్టెలు మోస్తే నేనేం రొయ్యనా గడ్డకట్టడానికి? చెప్తానంటే చెప్తానక్కా," అంది.

రెబెక్కమ్మ ముత్తుకూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఫ్రెడ్డీ కొట్టుకు పోయింది. చెల్లెలి కొడుకు.

"ఒరే అబ్బయ్యా, నలుగురం కలిసి మాట్లాడుకుంటే ఐదోవాడు వినకూడదు. అట్టాంటి యాప్ ఏదిరా?"

"మూడుండాయి పెద్దమ్మా. ఒక్కోదానికి ఒక్కో గుణం. పెట్టి చూద్దాం."

పరీక్షకు పిచ్చమ్మ తన ఇంట్లో, ఏంజెలిన్ సముద్రం ఒడ్డున, రెబెక్కమ్మ ఫ్రెడ్డీ కొట్టులో స్టూలు మీద కూర్చున్నారు.

మొదటిది 'సందడి'. యాభై మంది కలవొచ్చు, మనిషికి పిల్లి చెవులు పెట్టుకోవచ్చు, వెనకాల పాటలు వేసుకోవచ్చు. లోపలికి రానిచ్చే ముందు మాత్రం అది ఫోన్లో పేర్లన్నీ చూడనిస్తావా, ఫొటోలు చూడనిస్తావా, నువ్వు ఎక్కడున్నావో చెప్తావా అని వరసగా అడిగింది.

"వీడియో కాల్‌కి నా ఫొటోలెందుకంట? పెండ్లిచూపులకొచ్చినోళ్ళు కూడా ఇన్ని అడగరు గదరా!"

అయినా కలిశారు. ఏంజెలిన్ వైపు నించి ఉప్పుగాలి, ఎండుచేపల వాసన వచ్చాయి. పిచ్చమ్మ వైపు నించి పిడకల పొగ వచ్చింది. ఫ్రెడ్డీ కొట్టులోని సీసం కాలిన వాసన వాళ్ళకు పోయింది. రెండు నిమిషాలయ్యాక ఇంకో వాసన తేలింది. బిగించిన ఏసీ గది. వేడెక్కిన వైర్లు. ముగ్గురిలో ఎవరి దగ్గరా లేని వాసన.

ఫ్రెడ్డీ ముక్కు రుద్దుకున్నాడు. "అది ఆళ్ళ కంప్యూటర్లుండే చోటు పెద్దమ్మా. మన మాటలు ముందు అక్కడికి పోతాయి. అక్కడ తెరిచి, ఒక నకలు ఉంచుకోని, అప్పుడు అవతలికి పంపిస్తారు."

"తీసెయ్ దాన్ని. పిల్లి చెవులు వాళ్ళనే పెట్టుకోమను."

రెండోది 'కలివిడి'. బొమ్మ కడిగిన కంచంలా ఉంది. మనిషి వెనకాల ఉన్న ఇల్లు కనపడకుండా ఏ కొండో తోటో పెట్టుకోవచ్చు. ఏంజెలిన్ మొహం మీది చెమట చుక్కలు కూడా కనపడ్డాయి. పిచ్చమ్మ మాత్రం రాలేదు. ఎనిమిదేళ్ళ ఫోను ఆమెది, గాజు పగిలి అంటుటేపుతో బతుకుతోంది. ఈ పరికరానికి ఈ యాప్ సరిపోదు అని అది మొహం మీదే చెప్పేసింది. పైగా డబ్బు కట్టకపోతే నలభై నిమిషాలకు దానంతటదే తెగిపోతుంది.

మూడోది 'గూటిమాట'. బొమ్మ కాస్త మసక. చెవుల్లేవు, పాటల్లేవు. వెనక తోట పెట్టుకునే వేషం ఒక్కటే ఉంది. ఇరవై మందికి మించి పట్టదు. అయితే ఎంతసేపైనా తెగదు. పిచ్చమ్మ ఫోనులోనూ ఎక్కింది. "దీంట్లో మాట ఇక్కడ తాళం పడి పోద్ది, అవతలి ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదు, యాప్ చేసినోడి దగ్గర కూడా," అన్నాడు ఫ్రెడ్డీ. ముగ్గురూ మాట్లాడకుండా పది నిమిషాలు ముక్కులెగరేస్తూ కూర్చున్నారు. ఉప్పుగాలి, పిడకలు, సీసం. ఇంకేమీ రాలేదు.

"ఇదే," అంది రెబెక్కమ్మ.

"బొమ్మ బాగలేదు గదా పెద్దమ్మా. కలివిడి అయితే ఆఫీసరు గారికి మీ మొహాలు బాగా కనపడతాయి. పిచ్చమ్మత్త ఇంకెవరి ఫోనులోనైనా..."

"మా మొహాలు బాగా చూసి న్యాయం చేసినోడిని ఇంతవరకూ చూడలేదురా నేను. ఇంకొకరి ఫోను ఎందుకు? ఆ ఫోను వాళ్ళ ఆయన లాక్కుంటే? ఆ మనిషి భయపడి ఇయ్యకపోతే? మనలో అందరికంటే పాత ఫోను ఎవరిదో దాంట్లో ఎక్కిందే మన యాప్. పిచ్చమ్మను వాకిట్లో నిలబెట్టి మనం లోపల చాప మీద కూర్చుంటే అది మీటింగెట్టా అవుతుంది?"

ఫ్రెడ్డీ కలివిడిని కూడా ఫోన్లోంచి తీసేశాడు.

మర్నాడు కామాక్షయ్య గారు రెబెక్కమ్మనూ మేనేజరునూ ఒకే ఫోను కాల్లో కలిపాడు. మంగళవారం షెడ్డుకు వారపు సెలవు, ఆ రోజు రెండు గంటలకు విచారణ, ఏ యాప్ కావాలో ఇప్పుడే తేల్చుకోండి అన్నాడు.

"మా 'హాజరు' ఉంది కదా సార్, అందరి ఫోన్లలోనూ రెడీగా," అన్నాడు విజయభాస్కర్.

"మీ ఇంటి యాప్‌లో మీ మీద విచారణా? కుదరదు."

"అయితే 'కలివిడి' సార్. ఉచితంగా వచ్చేదే చాలు. నలభై నిమిషాల్లో ముగించేద్దాం. ఇంకోటి సార్... ఆ రెబెక్కమ్మ కాల్లో ఉండాల్సిన అవసరం ఏముంది? పడిపోయింది ఆమె కాదు గదా."

"అర్జీ ఇచ్చింది ఆమె. ఉంటుంది."

రెబెక్కమ్మ వింటోంది. లారీల లెక్కన రొయ్యలు అమ్మే కంపెనీ, డబ్బు కట్టే యాప్ కొనలేక ఉచితంగా వచ్చేది అడుగుతోందా? నలభై నిమిషాలు. ఆమెకు కోల్డ్ స్టోరేజీ తెలుసు. ఇరవై ఏళ్ళు దాని పక్కన నిలబడింది. కంప్రెసర్ ఆపి ముప్పావుగంట ఉండొచ్చు. దాటితే లోపల వేడి పెరిగి సరుకంతా పాడవుతుంది. విజయభాస్కర్ కంప్రెసర్ ఆపించి, పైపు కారకుండా చేసి, వాసన లేని నలభై నిమిషాలు ఆఫీసరుకు చూపించాలనుకుంటున్నాడు.

"అయ్యా," అంది. "మా సాక్షి పిచ్చమ్మ ఫోనులో కలివిడి ఎక్కదు. గూటిమాట ఎక్కుతుంది. చూసిన మనిషిని బయట పెట్టి విచారణ చేస్తామంటే మీ ఇష్టం."

కామాక్షయ్య గారు అర్జీ కాగితం తీసి సాక్షి పేరు చూసుకున్నాడు. తర్వాత, "సాక్షి రాలేని చోట విచారణ ఎట్లా చేస్తాను? గూటిమాట. విజయభాస్కర్ గారూ, మీరు షెడ్డు నుంచే కలవండి. పైపు నాకు చూపించాలి," అన్నాడు.

ఆ సాయంత్రం గూటిమాటలో పద్నాలుగు మందీ కలిశారు. వెనక్కి తగ్గిన ఇద్దరు కూడా వచ్చారు. ఏలకుల వాసన లేదని నమ్మకం చిక్కాక నోళ్ళు విప్పారు. డెబోరా తానూ సాక్ష్యం చెప్తానంది.

"మంగళవారం మనం చెయ్యాల్సింది ఒకటే," అంది రెబెక్కమ్మ. "గంట దాటించాల. వాడు కంప్రెసర్ తిప్పక తప్పని దాకా లాగాల. ఒక్క అబద్ధం చెప్పొద్దు. నిజమే చెప్పండి. బుధవారం కూడికలో చెప్పినట్టు చెప్పండి."

అందరికీ అర్థమైంది. చర్చిలో బుధవారం జరిగే స్త్రీల కూడికలో ఎవరైనా లేచి నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలంటే పుట్టిన దగ్గర్నించి మొదలుపెడతారు. తట్టు పోసింది, బావిలో పడబోయింది, ఏదీ వదలరు. డెబోరా గంట కొడితే తప్ప కూర్చోరు.

"మరి నేను కూడికకి రాను గదక్కా. నేనెట్టా చెప్పాల?" అంది పిచ్చమ్మ.

"నీకు నేర్పాలా? మొన్న బస్సులో మీ ఎనుము ఈనిన సంగతి ముత్తుకూరు నించి షెడ్డు దాకా చెప్పినావు!"

మంగళవారం రెండు గంటలకు అందరూ కలిశారు, కొట్టులోంచి ఫ్రెడ్డీ కూడా. రెబెక్కమ్మ తన ఇంట్లో చాప మీద, పక్కన ఏంజెలిన్.  కామాక్షయ్య గారి గదిలోంచి పాత కాగితాల వాసన, అప్పుడే తిన్న గోంగూర వాసన వచ్చాయి. విజయభాస్కర్ తన వెనక గులాబీ తోట పెట్టుకున్నాడు. ఆయన వైపు నించి గులాబీ సెంటు వాసన గుప్పున కొట్టింది. సీసాలకు సీసాలు చల్లించినట్టున్నాడు.

ఆఫీసరు రెండుసార్లు తుమ్మాడు. "గులాబీలు కాస్త తగ్గించాల్సింది విజయభాస్కర్ గారూ. సరే, పైపు చూపించండి."

మేనేజరు ఫోను పట్టుకుని షెడ్డంతా తిప్పి చూపించాడు. ఖాళీ టేబుళ్ళు తళతళలాడుతున్నాయి. పైపు కూడా తుడిచి ఉంది. కంప్రెసర్ చప్పుడు లేదు. సెంటు వాసన తప్ప ఏమీ లేదు. "చూశారు గదా సార్. ఆ అమ్మాయి ఒంట్లో నీరసం. అంతే. ముగిద్దామా?" పన్నెండు నిమిషాలయింది.

"ఆడవాళ్ళు చెప్పేది వినాలి. చెప్పండమ్మా."

డెబోరా మొదలుపెట్టింది. ఆమె పుట్టిన ఏడు, పుట్టినప్పుడు ఎర్రగా ఉన్నదని మేనత్త అన్న మాట, పదో తరగతి పాసైన వైనం, పెళ్ళి, అత్తగారి ఉబ్బసం. షెడ్డులో చేరేసరికి పదమూడు నిమిషాలు పట్టింది. అక్కణ్ణించి కళ్ళ మంట, దగ్గు, తేదీలతో సహా. తర్వాత పిచ్చమ్మ. సంగం, పెన్న, నాన్న వరి మడి, రెండు ఎనుములు, అందులో ఒకదానికి కొమ్ము విరిగిన కథ.

"సార్, దీనికీ పైపుకీ ఏంది సంబంధం?" మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"పైపు కాడికే వస్తుండా సార్," అంది పిచ్చమ్మ. "నాకింకా పెండ్లి కాలేదు."

కామాక్షయ్య గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చెప్పనివ్వండి," అన్నాడు.

నలభై నిమిషాలు దాటాయి. కాల్ తెగలేదు. పిచ్చమ్మకు పెళ్ళయింది, పాలెం వచ్చింది, షెడ్డులో చేరింది, ఏంజెలిన్‌ను ఎత్తి మోసింది. ఆమె చెప్తుండగా గులాబీ పొదల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి మేనేజరు భుజం తట్టింది. సూపర్‌వైజరు గొంతు గుసగుసలాడింది, "సార్, లోపల డిగ్రీలు పెరుగుతుండాయి."

"ఏం పెరుగుతున్నాయి?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్. బయట ఎండ."

ఇంకో ఆమె అందుకుంది. ఆమె తర్వాత, భయపడి తప్పుకున్న ఇద్దరిలో ఒకామె, "నేను కూడా చెప్తానయ్యా," అని ఫోనుకు దగ్గరగా జరిగింది. విజయభాస్కర్ మొహాన చెమట గులాబీల మధ్య మెరుస్తోంది. చెయ్యి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండుసార్లు గట్టిగా తట్టింది. ఆయన వెనక్కి తిరక్కుండానే తల ఊపాడు.

యాభై ఎనిమిదో నిమిషంలో ఫోన్లన్నింటిలోనూ ఘుర్రుమని చప్పుడు మొదలైంది. కంప్రెసర్.

ఏంజెలిన్ రెబెక్కమ్మ చెయ్యి నొక్కింది. ముందు గులాబీల అంచున సన్నగా తగిలింది. తర్వాత గులాబీలను తోసేసి వచ్చింది. ముక్కులోకి సూదిలా దిగే గాలి. డెబోరా ఇంట్లో పిల్లలు దగ్గుతూ వీధిలోకి పరిగెత్తారు. పిచ్చమ్మ కట్టేసిన మేక తాడు తెంపుకుంది. ఫ్రెడ్డీ కొట్టులో ఫోను ఇవ్వడానికొచ్చిన ఆయన ఫోను అక్కడే వదిలేసి రోడ్డు దాటాడు. నెల్లూరులో కామాక్షయ్య గారు కుర్చీలోంచి లేచి, "కిటికీ! కిటికీ తెరవండి!" అని ఎవరినో కేకేశాడు. కళ్ళజోడు తీసి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎంతసేపు ఒత్తుకున్నా నీళ్ళు ఆగలేదు.

"సార్, అదేంటంటే..." విజయభాస్కర్‌కు కూడా దగ్గు తెర వచ్చింది.

"విజయభాస్కర్ గారూ," అన్నాడు ఆఫీసరు, గొంతు సరిగ్గా రాకపోయినా. "నేను గోంగూరతో కడుపునిండా తిని కూర్చున్నాను. నీరసం లేదు. మరి నాకు ఊపిరెందుకు ఆడటం లేదు?"

పద్నాలుగు ఇళ్ళలో ఎవరూ నవ్వలేదు. దగ్గుతూనే ఫోన్లు గట్టిగా పట్టుకుని చూస్తున్నారు.

కామాక్షయ్య గారు నిలబడే రాశాడు. రాస్తూ పైకి చదివాడు. పైపు కారుతున్నట్టు తానే స్వయంగా తెలుసుకున్నాడు. ఆ జాయింటు మార్చి, తాను వచ్చి చూసేదాకా షెడ్డులో ఎవరినీ నిలబెట్టకూడదు. ఆ రోజులు కూడా వాళ్ళు పనిచేసినట్టే. కోల్డ్ స్టోరేజీకి మార్చిన ముగ్గురూ తమ టేబుళ్ళకు తిరిగి రావాలి. ఏంజెలిన్ చెప్పింది నిజం. ఆమెను తీసేసిన ఆర్డరు చెల్లదు.

"ఏంజెలిన్ చెప్పింది నిజం అని ఇంకోసారి చదవండయ్యా," అంది రెబెక్కమ్మ. "వాళ్ళ నాయన పక్కింట్లో మంచం మీదుండాడు. వినాల."

ఆయన చదివాడు. ఈసారి గట్టిగా. రెబెక్కమ్మ ఫోను ధ్వని పూర్తిగా పెంచి, పక్కింటి కిటికీ వైపు చాపి పట్టుకుంది.

ఏంజెలిన్ లేచి నిలబడింది. విచారణ మొదలైనప్పటినుంచి ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు ఫోనును మొహానికి ఎదురుగా పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 

"జాయింటు మార్చిన మర్నాడు ఎన్ని గంటలకు రావాల సార్?"

గులాబీ తోట మధ్యలో విజయభాస్కర్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తల ఊపాడు.

"తల ఊపితే చాలదండీ," అన్నాడు ఆఫీసరు. "నోటితో చెప్పండి."

"ఎనిమిదిన్నరకు."

"ఏ టేబుల్ కాడికి సార్?"

ఆయన చుట్టూ చూశాడు. చెయ్యి ఈసారి గులాబీల్లోంచి బయటికి రాలేదు. పద్నాలుగు ఇళ్ళలోంచి పద్నాలుగు మొహాలు, పాత ఫోన్లలో మసగ్గా, ఆయన్నే చూస్తున్నాయి.

"మూడో టేబుల్ కాడికే," అన్నాడు విజయభాస్కర్. "రామ్మా."